లాప్‌టాప్‌లో నడిచిన పైప్‌లైన్ సర్వర్‌లో ఎందుకు నడవట్లేదో కనిపెట్టడం ఎలా

పైప్‌లైన్, అంటే ఒక కమాండ్ ఔట్‌పుట్‌ని తర్వాతి కమాండ్‌కి ఇన్‌పుట్‌గా పంపే వరస, ఒక మెషీన్‌లో చక్కగా నడిచి ఇంకో మెషీన్‌లో తప్పు లెక్క ఇస్తే, లేదా ఖాళీగా తిరిగొస్తే, చాలామంది కోట్ గుర్తులు మార్చి, ఆప్షన్లు మార్చి, మళ్ళీ మళ్ళీ నడిపి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తేలాల్సినవి రెండే: డేటా ఏ స్టేజ్ (అంటే వరసలో ఏ కమాండ్) దగ్గర చెడింది, ఆ స్టేజ్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ ఎవరిది. సెడ్ (టెక్స్ట్ మార్చేది), గ్రెప్ (లైన్లు వెతికేది), ఆక్ (కాలమ్‌ల పని చేసేది), డేట్ అనే పేర్లు అన్నిచోట్లా ఒకటే, కానీ ఆ పేరు వెనక ఉన్న ప్రోగ్రామ్ మామూలు లినక్స్‌లో చాలావరకు గ్నూ వాళ్ళది, మ్యాక్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ బీఎస్‌డీ వంశానిది, ఆల్పైన్ లినక్స్‌లో బిజీబాక్స్‌ది. పాసిక్స్ అనే యూనిక్స్ ఉమ్మడి ప్రమాణంలో ఉన్నంతవరకు ఇవన్నీ దాదాపు ఒకేలా నడుస్తాయి, అది దాటి ఎవరికి వారు కలుపుకున్న ఆప్షన్ల దగ్గరే గొడవంతా. (కింద మైనస్ ఐ అన్నచోట హైఫన్ పెట్టి ఐ అక్షరం అని చదువుకోండి, పెద్ద అక్షరమైతే ఆ మాట చెప్తాను.)

ముందు పైప్‌ని కోయండి. మొదటి కమాండ్ ఒక్కదాన్నే నడిపి ఔట్‌పుట్‌ని ఫైల్‌లో దాచి చూడండి, అది బాగుంటే ఆ ఫైల్‌ని రెండోదానికి ఇవ్వండి, అలా ఒక్కొక్కటే కలుపుతూ వెళ్ళండి. మొదటి కమాండ్ చాలాసేపు నడిచే రకమైతే ఇలా దాచుకోవడం వల్ల ప్రతిసారీ ఎదురుచూడక్కర్లేదు. పైప్‌ని విడగొట్టడం కుదరకపోతే మధ్యలో టీ కమాండ్ పెట్టి ఆ స్టేజ్‌లో పోతున్న డేటాకి ఒక కాపీ తీసుకోండి.

ఆ కాపీని స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకోకండి, ఓడీ మైనస్ సీ తో బైట్లు చూడండి, ఈ కమాండ్ పాత యూనిక్స్‌లలో కూడా ఉంటుంది. విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైల్ అయితే ప్రతి లైను చివరా బ్యాక్‌స్లాష్ ఎన్ (లైను ముగిసిందనే గుర్తు) ఒక్కటే కాకుండా దాని ముందు బ్యాక్‌స్లాష్ ఆర్ (క్యారేజ్ రిటర్న్ అనే బైట్) కూడా కనిపిస్తుంది. స్క్రీన్ మీద అది కనబడదు, కానీ లైను చివర డాలర్ గుర్తుతో వెతికే గ్రెప్‌కి ఏదీ దొరకదు, రెండు ఫైళ్ళు కలిపే జాయిన్‌కి, పోల్చే మాట ఒక ఫైల్‌లో లైను చివర ఉంటే, ఒక్క జత కూడా కుదరదు. పైప్ మొదట్లో టీఆర్ మైనస్ డీ తో ఆ ఒక్క బైట్ తీసేస్తే చాలు. కనబడని అక్షరాలు చూడ్డానికి చాలామంది చెప్పే క్యాట్ మైనస్ పెద్ద ఏ గ్నూలో ఉంది కానీ మ్యాక్‌లో లేదు, అక్కడ మైనస్ ఈ, మైనస్ టీ కలిపి ఇవ్వాలి.

చెడిన స్టేజ్ దొరికాక అక్కడ నడిచేది ఎవరిదో చూడండి. టైప్ సెడ్ అని కొడితే అది అలియాసా, ఏ ఫోల్డర్‌లోంచి వస్తోంది అనేది తెలుస్తుంది. రెండు హైఫన్లతో వెర్షన్ అడిగితే గ్నూ సెడ్ పేరూ ఊరూ చెప్తుంది, మ్యాక్ సెడ్ అలాంటి ఆప్షన్ లేదంటూ ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రరే మీకు జవాబు. మీరు కొట్టే కమాండ్లని చదివి నడిపే షెల్ సంగతీ ఇంతే. స్క్రిప్ట్ మొదటి లైనులో ఎస్‌హెచ్ అని ఉంటే డెబియన్, ఉబుంటుల్లో నడిచేది బ్యాష్ కాదు, డ్యాష్ (ఉబుంటు 2006లో, 6.10 వెర్షన్‌తో మారింది). మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి టెర్మినల్ తెరిస్తే వచ్చేది జడ్‌షెల్, పక్కనే ఉన్న బ్యాష్ ఇంకా 3.2 వెర్షనే. అందుకే ఎర్రర్లని కూడా పైప్‌లోకి పంపే |& గుర్తు బ్యాష్ 4 లో నడుస్తుంది, మ్యాక్ బ్యాష్‌లో సింటాక్స్ ఎర్రర్ అవుతుంది. దాని బదులు 2>&1 | అని రాస్తే అన్నిచోట్లా పనిచేస్తుంది.

ఇప్పుడు అందరికీ తగిలే సెడ్ మైనస్ ఐ. ఫైల్‌ని అక్కడికక్కడే మార్చడానికి వాడతాం కదా, గ్నూలో బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వడం మీ ఇష్టం, బీఎస్‌డీలో తప్పనిసరి. మీరు ఇవ్వకపోతే మ్యాక్ సెడ్ తర్వాతి మాటని, అంటే ఒక మాట బదులు ఇంకోటి పెట్టమనే మీ సబ్‌స్టిట్యూట్ కమాండ్ మొత్తాన్ని, ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. ఇక మిగిలింది ఫైల్ పేరు, దాన్ని సెడ్ కమాండ్‌గా చదవడం మొదలుపెడుతుంది. ఫైల్ పేరు డీ అక్షరంతో మొదలైతే డీ కమాండ్ చివర అదనపు అక్షరాలున్నాయని ఎర్రర్, సీ తో మొదలైతే సీ కమాండ్‌కి టెక్స్ట్ ఇవ్వలేదని వేరే ఎర్రర్. ఫైల్ మారితే ఎర్రర్ మారుతుంది కాబట్టి ఎంత వెతికినా తల తిరగడమే తప్ప కారణం దొరకదు. మ్యాక్ కోసమని మైనస్ ఐ తర్వాత ఖాళీ కోట్లు పెట్టిన స్క్రిప్ట్ లినక్స్‌కి వెళ్తే తిరగబడుతుంది: ఖాళీ కోట్లు సెడ్ స్క్రిప్ట్ అవుతాయి, మీ సబ్‌స్టిట్యూట్ కమాండ్‌ని ఫైల్ పేరనుకుని అలాంటి ఫైల్ లేదంటుంది. రెండుచోట్లా నడవాలంటే మైనస్ ఐ కి చుక్క, బాక్ అనే ఎక్స్‌టెన్షన్‌ని ఖాళీ లేకుండా అంటించి రాయండి, పని అయ్యాక ఆ బ్యాకప్‌ని తీసేయండి. సెడ్‌లోనే ఇంకొకటి: ఒకటి లేదా ఎక్కువసార్లు అని చెప్పే ప్లస్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి వాడే అలవాటు గ్నూది. మైనస్ పెద్ద ఈ ఇచ్చి బ్యాక్‌స్లాష్ లేకుండా ప్లస్ రాస్తే ఇద్దరికీ అర్థమవుతుంది.

ఎర్రర్ వచ్చేవి నయం. ఏమీ అనకుండా తప్పు చేసేవే ప్రమాదం, నా దృష్టిలో వీటికే ఎక్కువ టైమ్ పెట్టాలి. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ మ్యాక్‌లో అంకె ముందు ఖాళీలు పెట్టి ఇస్తుంది, లినక్స్‌లో ఒక్క ఫైల్‌ని రీడైరెక్ట్ చేసి ఇస్తే ఉత్త అంకె వస్తుంది. స్క్రిప్ట్‌లో దాన్ని కోట్లలో పెట్టి ఈక్వల్ గుర్తుతో పోలిస్తే మ్యాక్‌లో ఎప్పటికీ సమానం కాదు, ఎర్రరూ రాదు. అంకెల్ని పోల్చే మైనస్ ఈక్యూ వాడండి.

వచ్చిన పేర్లని ఇంకో కమాండ్‌కి ఆర్గ్యుమెంట్లుగా ఇచ్చే ఎక్స్‌ఆర్గ్స్ ఇంకా ప్రమాదం. దానికి ఇన్‌పుట్ ఏమీ రాకపోతే బీఎస్‌డీది ఊరుకుంటుంది, గ్నూది మాత్రం కమాండ్‌ని ఆర్గ్యుమెంట్లు లేకుండా ఒకసారి నడిపేస్తుంది. గ్రెప్‌కి ఒక్క ఫైల్ కూడా దొరకనప్పుడు చివర ఎల్‌ఎస్ ఉందనుకోండి, ఉన్న ఫోల్డర్ లిస్ట్ మొత్తం వచ్చేస్తుంది, మీరేమో అవన్నీ దొరికిన ఫైళ్ళే అనుకుంటారు. గ్నూలో మైనస్ ఆర్ ఇస్తే ఇది ఆగుతుంది, ఫ్రీబీఎస్‌డీ కూడా ఆ ఆప్షన్‌ని ఏమీ అనకుండా తీసుకుంటుంది. ఫైల్ పేర్లలో ఖాళీలు ఉండే అవకాశముంటే ఫైండ్‌కి ప్రింట్ సున్నా, ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ సున్నా ఇవ్వండి, ఈ జత 2024 పాసిక్స్‌లోకి కూడా వచ్చింది.

పైప్ చివర వైల్ రీడ్ లూప్ పెట్టి లోపల కౌంట్ పెంచేవాళ్ళకి ఇంకో చిక్కు. బ్యాష్, డ్యాష్ ఆ లూప్‌ని సబ్‌షెల్‌లో, అంటే షెల్ విడిగా తెరిచే ఇంకో కాపీలో, నడుపుతాయి, లూప్ అయిపోగానే కౌంట్ పోతుంది. జడ్‌షెల్, కార్న్‌షెల్ చివరి స్టేజ్‌ని ఉన్న షెల్‌లోనే నడుపుతాయి. మ్యాక్ టెర్మినల్‌లో 40 అని చూపించిన కౌంట్ సర్వర్‌లో 0 అవ్వడం వెనక కారణం ఇదే. ముందు ఫైల్‌లోకి రాసి, లూప్‌కి ఆ ఫైల్‌ని రీడైరెక్ట్ చేస్తే ఏ షెల్‌లోనైనా కౌంట్ నిలుస్తుంది.

ఎగ్జిట్ కోడ్‌ని (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, 0 అంటే బాగా నడిచినట్టు) కూడా గుడ్డిగా నమ్మకండి, పైప్‌లైన్ ఇచ్చేది చివరి కమాండ్ కోడ్ మాత్రమే. మొదటి కమాండ్ ఫెయిలై చివర సార్ట్ బాగా నడిస్తే మీకు కనిపించేది 0. పైప్‌ఫెయిల్ సెట్ చేస్తే ఇది బయటపడుతుంది, కానీ పాత డ్యాష్‌లో ఆ ఆప్షనే లేదు, స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. పైప్‌ఫెయిల్ పెట్టాక ఎప్పుడైనా 141 వస్తే కంగారు పడకండి. అది 128 కి 13 కలిపితే వచ్చిన లెక్క, 13 అంటే సిగ్‌పైప్, పైప్ అవతల చదివేవాళ్ళు లేరని చెప్పే సిగ్నల్. హెడ్ తనకి కావాల్సిన లైన్లు తీసుకుని మూసేసింది, వెనకాల ఇంకా రాస్తున్న కమాండ్‌కి ఆ సిగ్నల్ తగిలింది, అంతే.

సార్ట్ వరస ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా వస్తున్నా, కామ్ (రెండు ఫైళ్ళని పోల్చేది) లేదా జాయిన్ ఫైల్ వరసలో లేదని గొడవపెట్టినా, మ్యాక్‌లో బైట్ సీక్వెన్స్ చెల్లదని ఎర్రర్ వచ్చినా లొకేల్ (భాష, అక్షరాల వరస సెట్టింగ్) చూడండి. ఎల్‌సీ ఆల్‌ని సీ కి సెట్ చేసి నడిపితే బైట్ల వరసే లెక్క, అన్నిచోట్లా ఒకటే ఫలితం. తెలుగు టెక్స్ట్‌లో అక్షరాలు లెక్కపెట్టే స్టేజ్‌కి మాత్రం ఇది పెట్టకండి, యూటీఎఫ్-8 లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు కాబట్టి లెక్క దాదాపు మూడింతలవుతుంది.

లాగ్‌ని టెయిల్ మైనస్ ఎఫ్ తో చూస్తూ రెండు గ్రెప్‌లు తగిలిస్తే ఏమీ రాకపోవడం బగ్ కాదు, బఫరింగ్. ఔట్‌పుట్ టెర్మినల్‌కి కాక పైప్‌కి పోతుంటే ప్రోగ్రామ్ లైన్ లైన్‌గా వదలదు, బఫర్ నిండాక ఒక్కసారి వదులుతుంది. మొదటి గ్రెప్‌కి లైన్ బఫర్డ్ ఆప్షన్ ఇవ్వండి, ఆక్ అయితే ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలవండి.

మిగతావి త్వరగా: నిన్నటి తేదీ కావాలంటే గ్నూ డేట్‌కి మైనస్ డీ, బీఎస్‌డీకి మైనస్ వీ. ఫైల్ వివరాలు చూపే స్టాట్‌కి గ్నూలో మైనస్ సీ, బీఎస్‌డీలో మైనస్ ఎఫ్. గ్రెప్ మైనస్ పెద్ద పీ మ్యాక్ గ్రెప్‌లో లేదు. లైన్లని తిరగేసి చూపే టాక్ మ్యాక్ లాంటి చోట లేకపోతే టెయిల్ మైనస్ ఆర్.

మ్యాక్‌లో హోంబ్రూ అనే ప్యాకేజ్ మేనేజర్ ద్వారా గ్నూ టూల్స్ వేసుకుంటే ముందు జీ అక్షరంతో జీసెడ్, జీడేట్ అని వస్తాయి, మీ సొంత పనికి హాయిగా వాడుకోండి. కానీ వేరేవాళ్ళు కూడా నడిపే స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు ఆ ఫోల్డర్‌ని పాత్‌లో ముందు పెట్టకండి, మీ దగ్గర అన్నీ నడుస్తాయి, ఎర్రర్ మాత్రం అవి వేసుకోని వాళ్ళకి వస్తుంది. స్క్రిప్ట్ ఇచ్చేముందు ఒకసారి డ్యాష్‌తో, ఒకసారి ఆల్పైన్ కంటెయినర్‌లో, ఒకసారి ఏమీ కలపని మ్యాక్‌లో నడిపి చూడండి.