గేమింగ్ కంప్యూటర్ ఎంపిక – 4వ పాఠం: ఖరీదైన కార్డు ఖాళీగా ఎందుకు కూర్చుంటుంది?

గేమ్ నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ఎంత శాతం వాడుతున్నాయో చూడమని పోయిన పాఠంలో ఇచ్చిన కొలత చాలామందిని తికమక పెట్టింది. "గ్రాఫిక్స్ కార్డు 45 శాతమే వాడుతోంది, ప్రాసెసర్ 30 శాతమే, ఫ్రేములేమో (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) 60 దాటడం లేదు. రెండూ మార్చాలా?" అని అడిగారు. ఏదీ మార్చక్కర్లేదు. ఫ్రేముల అంకె 60 దగ్గర అటూ ఇటూ కదలకుండా నిలబడిందంటే దాదాపుగా వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నట్టే. గేమ్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసేయండి. ఫ్రేమ్ లిమిట్ ఉంటే అదీ తీసేయండి. డ్రైవర్ కంట్రోల్ ప్యానెల్‌లో కూడా చూడండి, గేమ్‌లో తీసేసినా అక్కడ మిగిలిపోతుంది. ఇవి ఉండగా తీసిన అంకెలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక అసలు ఉచ్చు ఆ "ప్రాసెసర్ 30 శాతమే" అన్న మాటలో ఉంది. దీన్ని నమ్మి ఎంతోమంది పెద్ద కార్డు కొని, ఒక్క ఫ్రేము కూడా పెరగక తలపట్టుకుంటారు. టాస్క్ మేనేజర్ చూపించేది అన్ని థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పని వరుసల) సగటు. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండితే ఆ సగటులో అది దాదాపు 6 శాతమే. చాలా గేముల్లో ప్రధానమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. అవి నిండిపోతే మిగతావి ఖాళీగా ఉన్నా కార్డుకు పని అందదు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్‌కు మార్చినా సరిగా తేలదు. విండోస్ ఆ థ్రెడ్‌ను ఒక కోర్ మీంచి ఇంకో కోర్ మీదకు మారుస్తూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క గడీ 100 చూపించకపోవచ్చు. అందుకే ప్రాసెసర్ శాతాన్ని పక్కన పెట్టి గ్రాఫిక్స్ కార్డు శాతాన్ని చూడండి. అది 97, 99 దగ్గర ఉంటే కార్డే హద్దు. అది లోపం కాదు, పెట్టిన డబ్బుకు పని జరుగుతోందన్నమాట. ఏ లిమిటూ లేకుండా 70, 80 దగ్గర ఆగిందంటే అది ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది.

రూఢి చేసుకోవడానికి ఒకటే పరీక్ష. మిగతా సెట్టింగ్స్ ముట్టుకోకుండా రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) ఒక్కటే 1440పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు హద్దు, పెరగకపోతే ప్రాసెసర్ హద్దు. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే సదుపాయాలు) ఆపేయండి. ఫ్రేమ్ జనరేషన్ తప్పకుండా ఆపాలి, అది మధ్యలో అల్లిన ఫ్రేములను కూడా లెక్కలో కలిపేస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4070లో 5,888 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 4090లో 16,384. దాదాపు 2.8 రెట్లు. మీ ప్రాసెసర్ ఒక గేమ్‌లో సెకనుకు 140 ఫ్రేములే అందించగలదనుకుందాం. 1080పీలో 4070 ఇప్పటికే 140 ఇస్తుంటే, దాని చోట 4090 పెట్టినా 140 దాటదు. 4కేలో లెక్క మారుతుంది. 1080పీలో పిక్సెళ్లు 20,73,600, 4కేలో 82,94,400, అంటే సరిగ్గా 4 రెట్లు. ఆ భారమంతా కార్డు మీదే పడుతుంది కాబట్టి పెద్ద కార్డుకు అక్కడే విలువ. 4కే మానిటర్, వీఆర్, పాత్ ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి గీసే పద్ధతి): ఈ మూడింటిలో ఒక్కటీ లేనివాళ్లకు అన్నిటికన్నా పైనున్న కార్డు దండగ. ఆ డబ్బులో కొంత ముందు మానిటర్‌కు పెట్టమంటాను.

మానిటర్‌కూ ఒక లెక్కుంది. సెకనుకు 60 ఫ్రేముల నుంచి 120కి వెళ్తే ఒక్కో ఫ్రేముకు 8.3 మిల్లీసెకన్లు మిగులుతాయి. 120 నుంచి 240కి 4.2, 240 నుంచి 480కి 2.1 మాత్రమే. ఖర్చు మెట్టుమెట్టుకూ పెరుగుతుంటే కంటికి తెలిసే తేడా సగానికి సగం పడిపోతుంది.

ప్రాసెసర్ హద్దు అని తేలినవాళ్లు కొత్తది కొనేముందు ర్యామ్ చూసుకోండి. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న రెండో దారి (ఛానెల్) వృథా. రెండుంటే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో ఉండాలి. కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే సెట్టింగ్స్ పేజీ బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగ్ ఆన్ చేయకపోతే 6000 వేగం అని రాసున్న డీడీఆర్5 ర్యామ్ కూడా 4800 దగ్గరే నడవొచ్చు.

అభ్యాసం: మూడు గేములు, ఒక్కోదానికి మీ మామూలు రిజల్యూషన్, 720పీ. ఒకే సేవ్ ఫైల్, ఒకే దారి, 60 సెకన్లు, మూడేసి సార్లు. మొత్తం 18 పరుగులు. మొదటిసారి షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డుకు కావలసిన చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ ఫ్రేములు తడబడతాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్రతి పరుగుకూ సగటుతో పాటు "1 శాతం లో" (అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) కూడా రాసుకోండి. సగటు 110 ఉండి 1 శాతం లో 38 ఉన్న గేమ్ ఏదైనా తగిలితే పక్కన గుర్తు పెట్టండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.