తనిఖీ రిజిస్టరు – 3వ పాఠం: లోపాన్ని ఎలా రాయాలి?

పోయిన పాఠంలో పేజీలకు నంబర్లు వేసి, గళ్లు గీసుకున్నాం. తేదీ, సమయం, యంత్రం నంబరు, సంతకం ఎవరైనా నింపేస్తారు. చిక్కంతా ‘గమనించినది’ అనే గడితోనే.

“గ్రైండర్ బాగోలేదు.” రిజిస్టర్లలో ఇలాంటి వాక్యాలు కొల్లలు. ఏ గ్రైండర్? ఏం బాగోలేదు? ఎంత? మరమ్మతుకు వచ్చిన మనిషి మళ్లీ మిమ్మల్నే వెతుక్కోవాలి. ఇలా రాస్తే ఆ అవసరం ఉండదు:

“బెంచ్ గ్రైండర్ 2, ఎడమ చక్రం. టూల్ రెస్టుకూ చక్రానికీ మధ్య సందు 6 మి.మీ. ఉంది; 3 మి.మీ. దాటకూడదు. ఉదయం 10.20కి మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, ‘వాడొద్దు’ అనే ట్యాగ్ కట్టాం.”

బెంచ్ గ్రైండర్ అంటే తిరిగే చక్రంతో లోహపు ముక్కలను సానపట్టే యంత్రం; టూల్ రెస్టు అంటే ఆ ముక్కను ఆనించే పలక. సందు ఎక్కువైతే చేతిలోని ముక్క అందులోకి దిగి ఇరుక్కుంటుంది, చక్రం పగలొచ్చు. పైగా చక్రం అరిగేకొద్దీ సందు దానంతటదే పెరుగుతుంది. అందుకే అంతా బాగున్న రోజున కూడా టిక్కు కొట్టి వదలకండి, అంకె వేయండి. కిందటి నెల 2, ఈ నెల 3 అని ఉంటే ఇప్పుడే రెస్టును దగ్గరికి జరపాలని తెలిసిపోతుంది. టిక్కుల వరస ఆ సంగతి చెప్పదు. కొలిచేది మాత్రం చక్రం పూర్తిగా ఆగాకే.

అంకె లేనిచోట కంటికి కనిపించింది రాయండి. మంటలార్పే సిలిండర్‌కు “ఓకే” అని కాక, “ప్రెషర్ గేజ్ ముల్లు పచ్చ భాగంలో ఉంది, పిన్ను, సీలు ఉన్నాయి, ముందు సరుకు అడ్డు లేదు” అని.

చూడలేకపోయినవాటికి “చూడలేదు, గదికి తాళం” అని రాయాలి. ఖాళీ గడిని వదిలితే సాయంత్రానికి ఎవరో ఒకరు టిక్కు పెట్టేస్తారు!

తప్పు పడితే వైట్‌నర్ పూయకండి. పాత మాట కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయండి.

“సరిచేశాం” అన్నంత మాత్రాన లోపం మూసేసినట్టు కాదు. బాగుచేసినవారు కాక మరొకరు మళ్లీ కొలవాలి. పాత వరసను ముట్టుకోకుండా, కొత్త వరసలో పాత పేజీ నంబరు, కొత్త కొలత, తేదీ, సంతకం ఉండాలి.

అభ్యాసం: “వైరు పాడైంది”, “దారికి అడ్డం ఉంది”, “నిచ్చెన సరిగా లేదు”. మీరు పనిచేసేచోట చూసి ఈ మూడింటినీ తిరగరాయండి. నిచ్చెనకైతే కిందినుంచి ఎన్నో మెట్టో లెక్కపెట్టి మరీ రాయాలి.