జీపుకి పెద్ద టైర్లు వేశాక ప్రోగ్రామర్ ఎంపిక

మేముండేది డాలస్‌లో, నా బండి 2013 జీప్ రాంగ్లర్ రూబికాన్. కంపెనీ ఇచ్చిన 32 అంగుళాల టైర్లు తీసి 35వి వేయించాక స్పీడోమీటర్ లెక్క తప్పింది. అది 60 మైళ్లు చూపిస్తుంటే జీపీఎస్‌లో 65 దాకా వచ్చేది. ఆటోమేటిక్ గేర్లు కూడా ఎక్కడ మారాలో తెలియక తడబడేవి.

బండి కంప్యూటర్‌లోని ఇలాంటి సెట్టింగులు మార్చే చిన్న పరికరాన్ని ప్రోగ్రామర్ అంటారు; ఇంజన్ సెట్టింగులు కూడా మార్చేది ట్యూనర్. ట్యూనర్ల ప్రకటనల నిండా హార్స్‌పవర్ గోలే. టర్బో లేని 3.6 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కి ట్యూనింగ్‌తో వచ్చేది కొంచెమే. నాకు కావలసింది టైరు సైజు, యాక్సిల్ (ఇరుసు) గేర్ నిష్పత్తి లెక్కలు కంప్యూటర్‌లో మార్చుకునే వీలు. అందుకే ఇంజన్ జోలికి పోని చవక ప్రోగ్రామర్ తీసుకున్నాను.

టైరు మీద 35 అని ఉన్నా, బండి బరువు పడ్డాక నేల నుంచి పైదాకా టేపుతో కొలిస్తే 34 చిల్లరే వచ్చింది. ఆ కొలతే ఎక్కించాను. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి మరీ చేశాను. మధ్యలో వోల్టేజీ పడిపోతే బండి కంప్యూటర్‌కే ముప్పు. ఇప్పుడు జీపీఎస్‌తో సరిపోతోంది, గేర్లూ కుదురుకున్నాయి.

కొనేముందు మోడల్ ఇయర్ చూడండి. 2018లో మొదలైన జేఎల్‌ (రాంగ్లర్ తర్వాతి తరం)లో సెక్యూరిటీ గేట్‌వే (బయటి పరికరాలు బండి కంప్యూటర్‌ని మార్చకుండా ఆపే అడ్డు) ఉంటుంది, దానికి బైపాస్ కేబుల్ కావాలి. చాలా ప్రోగ్రామర్లు ఒక్క బండికే లాక్ అవుతాయి; సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు, పాత బండిని స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సెట్టింగులకు తిప్పి ఆ లాక్ తీశారా అని ముందే అడగాలి.