మయోనైజ్ నచ్చనివాళ్లు బయట తినేటప్పుడు ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

నాకు మయోనైజ్ నచ్చదు. అదే, మామూలుగా గుడ్డు, నూనె కలిపి గిలకొట్టి చేసే చిక్కటి తెల్ల సాస్. ఎలర్జీ ఏమీ లేదు, డాక్టర్ వద్దనలేదు. వేడి వేడి చికెన్ ముక్క మీద ఆ చల్లటి జిడ్డు తగిలితే నాకు ఇక చికెన్ రుచి తెలియదు. కారణం అంతే.

సూర్యాపేటలో పెరిగినన్నాళ్లూ దీని పేరు కూడా వినలేదు. తొమ్మిదేళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాక, సాయంత్రం డ్యూటీ దిగి బయట ఏం కొనుక్కున్నా అందులో ఇదే. షవర్మా లోపల, మోమోల పక్కన, బొగ్గుల మీద కాల్చే అరబ్బీ చికెన్ అల్ ఫహమ్‌తో పాటు, బర్గర్‌లో, శాండ్‌విచ్‌లో, ఆఖరికి బండి మీద వేసే దోశలో కూడా. వేయమంటారా అని అడిగినవాళ్లు లేరు. మొదటి రెండేళ్లు నోరు తెరిచి చెప్పలేక సగం తిని పడేశాను. ఆకలితో రూముకి వెళ్లి పెరుగన్నం కలుపుకున్న రాత్రులు చాలానే ఉన్నాయి. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మనసులో ఒకటి గట్టిగా అనుకోండి. వద్దు అనడానికి నచ్చకపోవడం ఒక్కటే చాలు. "ఎందుకు వద్దు?", "ఒకసారి తిని చూడండి", "మాది స్పెషల్" అంటారు. వాటికి జవాబు చెప్పక్కర్లేదు. "నాకు నచ్చదండి, వేయకండి" అని ఊరుకోవాలి. కారణం చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు దాని మీద వాదిస్తారు. ఈలోపు రోల్ చుట్టేస్తారు.

ఎలర్జీ అని మాత్రం అబద్ధం చెప్పకండి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. గుడ్డు పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లను, ఊపిరి అందక ఇబ్బంది పడ్డవాళ్లను ల్యాబ్‌లో చూశాను. వాళ్లు ఎలర్జీ అని చెప్పినప్పుడు వంటవాడు చేతులు కడుక్కుని, గరిటె మార్చి, వేరే గిన్నె తీయాలి. ఊరికే నచ్చనివాళ్లమంతా అదే మాట వాడితే, కొన్నాళ్లకు దాన్ని ఎవరూ లెక్కచేయరు.

ఇక షవర్మా. మయోనైజ్ తప్పించుకోవడం అన్నిటికంటే కష్టమైనది ఇక్కడే. సాయంత్రం ఏడున్నరకి కౌంటర్ ముందు ఓ పదిమంది ఉంటారు. కత్తి పట్టుకున్న అతను కమ్మీ మీద తిరుగుతున్న చికెన్‌ని పైనుంచి కిందికి చెక్కి, చెక్క మీద టకటకా కొట్టి ముక్కలు చేస్తాడు. పక్కన ఇంకొకతను నాలుగైదు రొట్టెలు వరసగా పరుస్తాడు. మూతి కత్తిరించిన మెత్తటి సీసా పట్టుకుని, మొదటి రొట్టె నుంచి చివరి రొట్టె దాకా ఒకే ఊపులో గీత గీసేస్తాడు. అదంతా కలిపి మూడు సెకన్లు. మీరు డబ్బులు కట్టేటప్పుడు క్యాషియర్‌తో చెప్పిన మాట ఆ చేతి దాకా రాదు. క్యాషియర్ టోకెన్ మీద అంకె వేస్తాడు, అంతే.

కాబట్టి చెప్పాల్సింది సీసా పట్టుకున్న అతనికి. టోకెన్ ఇస్తూనే చెప్పండి, రొట్టె పరిచేటప్పుడు మళ్లీ చెప్పండి. రెండోసారి చెప్పడానికి మొహమాటపడకండి. నేను ఇంకో మాట కూడా కలుపుతాను: "నాది విడిగా చేయండి, ఆలస్యమైనా పర్లేదు." ఈ మాట బాగా పనిచేస్తుంది. వరసలో ఉన్న రొట్టెని అతని చెయ్యి అలవాటుగా తడిపేస్తుంది. విడిగా ఉన్న రొట్టె దగ్గర మాత్రం ఒక క్షణం ఆగుతుంది.

ఏ భాషలో చెప్తున్నామన్నదీ ముఖ్యమే. హైదరాబాద్‌లో చాలా కౌంటర్ల వెనక ఉన్నవాళ్లకు తెలుగు అంతంత మాత్రం. నేను "మయో నక్కో భాయ్, బిల్కుల్ నక్కో" అంటాను. నక్కో అంటే వద్దు, ఆ మాట ఈ ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. మోమోల బండి దగ్గర కుర్రాళ్లు తరచూ బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో "మయో మత్ డాలో, సిర్ఫ్ లాల్ చట్నీ" అంటే చాలు. ఏది వద్దో చెప్పడంతో ఆగకుండా ఏది కావాలో కూడా చెప్పాలి. లేకపోతే మయో మానేసి కెచప్ పోస్తారు.

ఒక్కోచోట ఎంత చెప్పినా లాభం ఉండదు. చికెన్, క్యాబేజీ, మయోనైజ్ మూడూ మధ్యాహ్నమే కలిపి స్టీలు డబ్బాలో పెట్టేసుకుంటారు. ఆర్డర్ ఇచ్చే ముందు ఆ డబ్బాలోకి ఒక్కసారి తొంగి చూడండి. ముక్కలు గోధుమ రంగులో పొడిపొడిగా ఉంటే చెప్పి చేయించుకోవచ్చు. తెల్లగా ముద్దలా ఉంటే అక్కడ షవర్మా అడగకండి, సీఖ్ కబాబో రోటీయో తీసుకోండి. కలిసిపోయినదాన్ని ఎవరూ విడదీయలేరు. దానికి వాళ్లతో గొడవపడి లాభం లేదు.

షవర్మాకి మయోనైజ్ పుట్టుకతో వచ్చినదేమీ కాదు. లెబనాన్ వైపు చికెన్ షవర్మాకి తూమ్ అనే వెల్లుల్లి ముద్ద రాస్తారు. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పు వేసి నురగ వచ్చేదాకా కొడతారు, గుడ్డు వేయరు. మండి కూడా అంతే. అది అన్నం మీద మాంసం పెట్టి ఇచ్చే యెమెన్ వంట. పాతబస్తీలోని బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. యెమెన్‌లో అన్నం పక్కన పెట్టేది సహావిక్ అనే, ఉడికించని టమాటా, మిరపకాయల పచ్చడి. మన మండి హోటళ్లలో ఇచ్చే ఎర్ర చట్నీ దానికి చుట్టమే. అందుకే నేను మండికి వెళ్తే మయో ఉన్న తెల్ల కప్పు వెనక్కి ఇచ్చేసి ఎర్ర చట్నీ కప్పు ఇంకొకటి అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

మండిలో అసలు ఇబ్బంది హోటల్‌వాళ్లతో రాదు, మనవాళ్లతోనే వస్తుంది. నలుగురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటాం. మాటల్లో పడి ఎవరో కప్పు ఎత్తి అన్నం మధ్యలో కుమ్మరిస్తారు. మా తమ్ముడికి మయో అంటే ప్రాణం, రెండుసార్లు ఇలాగే చేశాడు. ఇప్పుడు పళ్లెం రాగానే "నా వైపు పోయకు రా, నా కప్పు కూడా నువ్వే తీసుకో" అంటాను. వాడికి రెండు కప్పులు దక్కుతాయి, నాకు నా వైపు అన్నం శుభ్రంగా ఉంటుంది. అలాగని వాడు తింటుంటే నేను మొహం అదోలా పెట్టను. ఎవరి నోటికి ఏది రుచో వాళ్లు తింటారు.

మన భోజనాల్లో పచ్చడి విస్తరి మూలన పడుతుంది. ఆవకాయ అంటే చచ్చేంత ఇష్టమున్న ఇంట్లో కూడా దాన్ని అన్నంలో కలిపి తెచ్చి పెట్టరు. పెళ్లి పంక్తిలో వడ్డించే అబ్బాయి గరిటె పట్టుకుని "వేయమంటారా?" అని మన మొహం చూస్తాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ముందుకి వెళ్లిపోతాడు. కౌంటర్ దగ్గర నేను అడుగుతున్నది ఆ మర్యాదే. ఇలా ఆలోచించడం మొదలుపెట్టాక నాకు మొహమాటం పోయింది.

పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తందూరి మయో అని రాస్తే తెలిసిపోతుంది. తందూరి సాస్, పెరి పెరి డిప్, బర్గర్ సాస్, గార్లిక్ డిప్ అని రాస్తే తెలియదు. వీటిలో చాలావాటికి అసలు సరుకు మయోనే, పైన రంగు, కారం మారతాయి. ఫ్రైడ్ చికెన్‌తో ఇచ్చే తెల్లటి క్యాబేజీ తురుము, అదే కోల్‌స్లా, చాలాచోట్ల దీనితోనే చేస్తారు. పాస్తాలో వేసే వైట్ సాస్ మాత్రం వేరు, అది పాలు, మైదా, వెన్నతో కాచినది, భయపడక్కర్లేదు. అడిగేటప్పుడు "ఇది ఏం సాస్?" అనకండి, పేరు చెప్పి ఊరుకుంటారు. "ఇందులో మయో ఉందా?" అనండి. అవునో కాదో చెప్పాల్సి వస్తుంది.

2024 అక్టోబర్ చివర్లో బంజారాహిల్స్ వైపు మోమోలు తిని చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, ఒకావిడ చనిపోయారు. అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. తర్వాతి ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే చేసింది. ఆ రోజుల్లో "నువ్వు ముందే కనిపెట్టావు" అని నన్ను చాలామంది మెచ్చుకున్నారు. నేను కనిపెట్టిందేమీ లేదు, నాకు నచ్చలేదు, అంతే. కానీ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఏం చేస్తుందో ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు తెలుసు. అది గుడ్డు పెంకు మీదా ఉండొచ్చు, లోపలా ఉండొచ్చు. ఉడికిస్తే చస్తుంది, మయోనైజ్‌ని మాత్రం ఎవరూ ఉడికించరు. పచ్చి గుడ్డుతో చేసినది ఎండలో బండి మీద గంటల తరబడి ఉంటే ఆ క్రిములు పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఇష్టంగా తినేవాళ్లు కూడా గుడ్డు లేనిదేనా, ఫ్రిజ్‌లో పెట్టిందేనా అని అడగాలి. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే అందులో గుడ్డు లేదని అర్థం. ఈ మాట మా తమ్ముడికి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాను.

యాప్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు సూచనలు రాసే చోట పెద్ద వాక్యాలు రాయకండి. "నో మయో, లోపలా వద్దు, పక్కనా వద్దు" అంటే చాలు. అదే చోట చెంచాలు, టిష్యూలు అని నాలుగు రాస్తే అసలుది చూడరు. ఆ తర్వాత హోటల్‌కి ఫోన్ కలిసే వీలుంటే ఒకసారి చెప్పండి. వంటవాడు గుర్తుపెట్టుకున్నా, పార్శిల్ కట్టే కుర్రాడు అలవాటుగా కప్పు పడేస్తాడు. మూత గట్టిగా ఉంటే పర్లేదు, ఊడితే డబ్బా అంతా అదే. నాకు ఒకసారి కబాబ్‌లన్నీ ఇలాగే పాడైపోయాయి.

ఇంత చెప్పినా వేసేస్తే ఏం చేయాలి? ఒక్క ముక్క కూడా కొరకకముందే చూడండి. కాగితం విప్పి అంచు దగ్గర రొట్టె తెరిస్తే తెలిసిపోతుంది. "వద్దని చెప్పానండి, ఇంకోటి చేసివ్వండి" అని మామూలు గొంతుతో అడగండి. తుడిచి ఇస్తామంటారు. బర్గర్ అయితే ఒప్పుకోవచ్చు. పైబన్ను తీసి, కత్తితో గీకి, పెనం మీద ఒకసారి కాల్చమంటే చాలావరకు పోతుంది. శాండ్‌విచ్ అయితే ఒప్పుకోకండి, బ్రెడ్ అప్పటికే పీల్చేసి ఉంటుంది. కాలిస్తే నూనె విడిపోయి వాసన ఇంకా ఎక్కువవుతుంది. ఎవరైనా సరిగ్గా చేసిస్తే థ్యాంక్స్ చెప్పండి, మళ్లీ అక్కడికే వెళ్లండి. కొత్తపేటలో నేను వెళ్లే కౌంటర్ అతను ఇప్పుడు నన్ను చూడగానే సీసా పక్కన పెట్టి రొట్టె విడిగా పరుస్తాడు. దీనికి నాలుగు నెలలు పట్టింది.

మయో తీసేస్తే రోల్ ఎండిపోయినట్టు ఉంటుందన్నది నిజమే. అందుకే పార్శిల్ తెచ్చుకున్న రోజు ఇంట్లో ఇది చేసుకుంటాను. ఒక కప్పు గట్టి పెరుగు పల్చటి గుడ్డలో మూట కట్టి రెండు గంటలు వేలాడదీయాలి. రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో కలిపి రోట్లో మెత్తగా నూరాలి. పెరుగులో ఆ ముద్ద, అర చెంచా నిమ్మరసం, ఒక చెంచా నూనె వేసి ఫోర్క్‌తో గిలకొట్టాలి. వెల్లుల్లిని మిక్సీలో వేస్తే ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది, రోలే మేలు. కారం కావాలంటే రెండు టమాటాలు, మూడు పచ్చిమిరపకాయలు, కాస్త జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు పచ్చిగానే కచ్చాపచ్చాగా నూరుకోండి. టమాటాది ఆ పూటకే అయిపోవాలి. పెరుగుది ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజుకి పులుపెక్కుతుంది, అప్పుడు నీళ్లు పోసి మజ్జిగ చేసి తాగేస్తాను.