అడగడం నేర్చుకుందాం – 4: థ్రెడ్ వేరు, ప్రశ్న వేరు

కిందటి పాఠంలో పైథాన్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌ని చివరి లైను నుంచి పైకి చదవడం చూశాం. ఆ ఎర్రర్ గురించి సాయం అడుగుతూ ఒక పోస్ట్ రాయమని అభ్యాసం కూడా ఇచ్చాను. చాలామంది దాదాపు ఇలాగే రాసి ఉంటారు:

"అందరికీ నమస్కారం. నేను పైథాన్‌కి కొత్త. ఒక సీఎస్‌వీ ఫైలు ఓపెన్ చేస్తుంటే ఎర్రర్ వస్తోంది. నిన్నటి నుంచి ట్రై చేస్తున్నా. రేపు సబ్మిట్ చెయ్యాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ప్లీజ్ హెల్ప్ చెయ్యండి. ముందుగానే థాంక్స్."

దీన్ని ఏదైనా ఫోరంలో పెడితే పని జరుగుతుంది. ఒకరు "ఏ ఎర్రర్? కోడ్ పెట్టండి" అంటారు. మీరు పెడతారు. ఇంకొకరు "విండోసా, లినక్సా?" అంటారు. నాలుగు మాటలు అటూ ఇటూ అయ్యాక విషయం తేలుతుంది. ఇదే పోస్ట్‌ని ప్రోగ్రామింగ్ ప్రశ్నలూ జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో పెడితే మైనస్ ఓట్లు పడి, కాసేపటికి ప్రశ్నే మూతపడే అవకాశం ఎక్కువ. అక్కడివాళ్లు కఠినాత్ములని అనుకోకండి (కొందరు ఉన్నారు, కాదనను). ఆ చోటు కట్టిన తీరే వేరు.

ఫోరం అమరిక పాతది. 1980లో నడక మొదలుపెట్టిన యూజ్‌నెట్ (వెబ్‌కన్నా ముందే ఉన్న చర్చావేదిక) కాలం నుంచీ పద్ధతి ఒకటే: ఒకరు మాట ఎత్తుతారు, దాని కింద జవాబులు ఒకదాని వెనక ఒకటి చేరతాయి. ఆ వరస మొత్తాన్నీ థ్రెడ్ అంటారు. తెలుగువాళ్లకీ అక్కడ సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే న్యూస్‌గ్రూప్ ఉండేది. కంప్యూటర్లో తెలుగు లిపి అందుబాటులో లేని రోజుల్లో, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అలాంటి చోట్ల బాగా నడిచింది. తెలుగు వికీపీడియాలో సభ్యులందరూ చర్చించుకునే పేజీ పేరు ఇప్పటికీ రచ్చబండ. పేరు సరిగ్గా కుదిరింది. రచ్చబండ దగ్గర మాట ఎక్కడో మొదలై ఇంకెక్కడికో పోతుంది, అందులోనే సరదా ఉంది.

ఇబ్బందల్లా ఆ మాటల్లో లేనివాడికి. మూడేళ్ల తర్వాత అదే ఎర్రర్ వచ్చి, గూగుల్ పట్టుకుని ఆ థ్రెడ్‌కి చేరినవాడు పేజీలకు పేజీలు చదవాలి. మధ్యలో జోకులు, పలకరింపులు, ఇద్దరి గొడవ. చివరికి అడిగినాయనే "సరే, సెట్ అయిపోయింది, థాంక్స్" అని రాసి వెళ్లిపోయి ఉంటాడు. ఎలా సెట్ అయిందో మాత్రం రాయడు. నెట్‌లో ఇంతకన్నా ఒళ్లు మండే వాక్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ 2008 సెప్టెంబరులో తెరిచిన స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ తర్వాత వచ్చేవాడిని దృష్టిలో పెట్టుకుని కట్టినది. అక్కడ మీరు రాసే ప్రశ్నకి అసలు పాఠకుడు, రేపెప్పుడో అదే చిక్కులో పడి వెతుక్కుంటూ వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి. ఇది ఒక్కటి ఒంటబడితే మిగతా రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు. "నమస్కారం", "ముందుగానే థాంక్స్" ఎందుకు తీసేస్తారు? ఆ మనిషికి వాటితో పనిలేదు. మీ ప్రశ్నని ఎవరో వచ్చి ఎందుకు దిద్దుతారు? దిద్దితే అతనికి తేలిగ్గా దొరుకుతుంది. ఇదివరకే ఉన్న ప్రశ్న మళ్లీ అడిగితే డూప్లికేట్ అని ఎందుకు మూసేస్తారు? అతను పది చోట్ల తిరగకుండా ఒకే చోటికి చేరాలి కాబట్టి.

జవాబుల వరస కూడా అందుకే మారుతుంది. ఫోరంలో ముందు రాసింది ముందు ఉంటుంది. ఇక్కడ మామూలుగా ఓట్లు ఎక్కువ పడింది పైకి పోతుంది. 2021 దాకా, అడిగినవాళ్లు తమకి పనిచేసిందని టిక్కు పెట్టిన జవాబు అన్నిటికన్నా పైన ఉండేది. అప్పటి నుంచి దాన్నీ ఓట్ల వరసలోనే వదిలేశారు. అందువల్ల "పైన చెప్పినట్టు" అని జవాబు మొదలుపెట్టకూడదు, రేపటికి ఆ "పైన" కిందికి పోవచ్చు. జవాబు పెట్టెలో "నాకూ ఇదే ప్రాబ్లం" అని రాస్తే తీసేస్తారు, అది జవాబు కాదు కాబట్టి. చిన్న మాటలకి కామెంట్లున్నాయి. అయితే వేరేవాళ్ల పోస్ట్ కింద కామెంట్ రాయాలంటే చాలా ఏళ్లపాటు 50 రెప్యుటేషన్ పాయింట్లు (సైటు మీ పేరు మీద వేసే మార్కులు) కావలసి వచ్చేవి. మీ జవాబుకి ఒక ప్లస్ ఓటు పడితే 10, టిక్కు పడితే 15 వస్తాయి. ఎదుటివాళ్ల జవాబుకి మైనస్ వేస్తే వాళ్లకి 2, మీకు 1 పోతాయి. ఊరికే మైనస్‌లు కొట్టకుండా అదొక చిన్న కళ్లెం.

ఇప్పుడు మన పోస్ట్‌ని తిరగరాద్దాం. స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రధాన సైటులో ఇంగ్లీషే నడుస్తుంది. అయినా ముందు తెలుగులో రాసుకోండి, ఆలోచన తేటపడుతుంది.

ముందు శీర్షిక. "పైథాన్ హెల్ప్ కావాలి" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. "విండోస్‌లో తెలుగు అక్షరాలున్న సీఎస్‌వీ ఫైలు చదివితే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ వస్తోంది" అనండి. వెతికేవాడు టైప్ చేసే మాటలన్నీ అందులో ఉన్నాయి.

తర్వాత, ఎర్రర్ రావడానికి సరిపడా కోడ్ మాత్రమే. రెండొందల లైన్ల ప్రాజెక్టు మొత్తం అతికించకండి. ఫైలు తెరిచే లైను, చదివే లైను చాలు. ఫైల్లో కూడా వెయ్యి వరసలు అక్కర్లేదు. "తెలుగు" అన్న ఒక్క మాట ఉంచి చూడండి, ఎర్రర్ వస్తుంది. "రమ" అని పెట్టి చూడండి, ఎర్రర్ రాదు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

ఎందుకో చూడండి, ఇది తమాషాగా ఉంటుంది. అక్షరాలని బైట్లుగా దాచే ఇప్పటి మామూలు పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. కొమ్ముకి మూడో బైటు, హెక్సా (పదహార్ల) లెక్కలో, 81. మన దగ్గర ఎక్కువగా వాడే ఇంగ్లీషు విండోస్‌లో పైథాన్ ఆ ఫైలుని 1252 అనే పాత కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం చదవబోతుంది. ఆ పట్టికలో 81 గడి ఖాళీ, కాబట్టి అక్కడ ఆగిపోతుంది. "తెలుగు"లో కొమ్ములు రెండున్నాయి, "రమ"లో ఒక్కటీ లేదు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెబితే సరిపోతుంది. ఉదాహరణని ఇంత చిన్నది చేస్తే ఒక్కోసారి జవాబు మీకే దొరికిపోతుంది, ప్రశ్న పెట్టే పనే ఉండదు. దొరికినా పెట్టొచ్చు. మీ ప్రశ్నకి మీరే జవాబు రాసుకోవడం అక్కడ తప్పు కాదు, అందుకు విడిగా ఏర్పాటే ఉంది.

ఆ తర్వాత విండోస్ వెర్షన్, పైథాన్ వెర్షన్. ఇది లాంఛనం కాదు. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చెయ్యాలని ఆ భాష తయారుచేసేవాళ్లు నిర్ణయించారు. వెర్షన్ రాయకపోతే, రేపు చదివేవాడికి మీ ప్రశ్న తనకి వర్తిస్తుందో లేదో తెలియదు.

టెన్షన్, రేపటి సబ్మిషన్, నిన్నటి నుంచి పడ్డ పాట్లు తీసెయ్యండి. ఏమేం ట్రై చేశారో మాత్రం ఉంచండి.

సరే, జవాబు వచ్చింది, ఫైలు తెరుచుకుంది. ఇప్పుడు మొదటి కాలమ్ పేరు ముందు ఏదో కనిపించని గుర్తు చేరి, ఆ పేరుతో వెతికితే దొరకడం లేదు. ఎక్సెల్‌లో "సీఎస్‌వీ యూటీఎఫ్-8"గా సేవ్ చేసిన ఫైళ్లతో ఇది మామూలే. ఎక్సెల్ ఫైలు మొదట్లో బామ్ అనే గుర్తు పెడుతుంది. ఫోరంలో అయితే అదే థ్రెడ్‌లో "థాంక్స్ అన్నా, ఇంకో డౌట్" అని కొనసాగిస్తాం. ఇక్కడ అలా కుదరదు. మొదటి ప్రశ్నకి టిక్కు పెట్టి, దీన్ని కొత్త ప్రశ్నగా అడగాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బామ్‌తో ఇబ్బంది పడేవాడు మొదటి శీర్షిక చూసి లోపలికి రాడు కదా.

మరి "నేను బీకామ్ చదివాను, పైథాన్ నేర్చుకోవాలా, జావానా?" అని ఎక్కడ అడగాలి? దీనికి ఒక సరైన జవాబు లేదు. ఎదురు ప్రశ్నలు వెయ్యాలి, ఒకరి అనుభవం మీద ఇంకొకరు మాట్లాడాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇలాంటివాటిని అభిప్రాయాల ప్రశ్నలని చాలా ఏళ్లు మూసేస్తూ వచ్చారు, అది న్యాయమే. దీనికి ఫోరమే కావాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోని నడిపే స్టాక్ ఎక్స్ఛేంజ్ సంస్థ నుంచి 2012లో బయటికొచ్చిన అట్‌వుడ్ మరుసటి ఏడే డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. పైథాన్ భాషలో ఏ మార్పు చెయ్యాలన్న చర్చలు ఇప్పుడు నడిచేది ఆ డిస్కోర్స్ మీదే.

ఈ వారం అభ్యాసం: కింది మూడింటిలో ఏది ప్రశ్నల సైటుకి, ఏది ఫోరానికి అని విడదీసి, సైటుకి సరిపోయేవాటికి ఒక్కో శీర్షిక రాయండి.

అ) "పైథాన్ పాండాస్ లైబ్రరీలో తేదీల కాలమ్ చదివితే రోజు, నెల తారుమారు అవుతున్నాయి."
ఆ) "డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకి పోర్ట్‌ఫోలియో ఎలా ఉంటే బాగుంటుంది?"
ఇ) "నా కోడ్ స్లోగా ఉంది, ఏం చెయ్యాలి?"

మూడోది ఉన్నపళంగా ఎటూ సరిపోదు. దాన్ని ఏం అడిగి, ఏం కొలిచి ప్రశ్నగా మార్చాలో అయిదో పాఠంలో చూద్దాం.