స్కాన్ బాగుందని సిద్ధపడకుండా మత్తివ్వకండి

మొన్న ఒక నర్సింగ్ హోంలో మామూలు ఆపరేషన్‌కి వచ్చిన మనిషికి గాలిగొట్టంలోకి ఊపిరి ట్యూబ్ పడలేదు. ప్రాణం మీదికి వచ్చింది. ముందురోజు గొంతు అల్ట్రాసౌండ్‌లో కొలతలు బాగున్నాయని, గొంతులోకి చూసే కెమెరా పరికరం వీడియో లారింగోస్కోప్‌ని పక్క థియేటర్లోనే వదిలేశారట. గొంతు స్కాన్ కొత్తగా నేర్చుకుంటున్న అనస్థీషియా పీజీల కోసం ఇది రాస్తున్నాను. నోరు, పళ్ళు, మెడ చూడటం మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

ముందు అసలు తప్పు. కొలత చెడ్డగా వస్తే అందరూ జాగ్రత్తపడతారు. మంచిగా వస్తేనే గుండెల మీద చెయ్యేసుకుని కండరాల్ని సడలించే మందు రిలాక్సెంట్ ఇచ్చేస్తారు. నేను చూసిన ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరిగాయి. డెన్మార్క్‌లో 1,88,064 మంది రికార్డులు చూసి 2015లో ప్రచురించిన లెక్క ప్రకారం, కష్టమైన ఇన్‌ట్యుబేషన్లలో (ట్యూబ్ వేయడాల్లో) 93 శాతం ముందుగా ఎవరూ ఊహించనివి. మన గుంటూరు జిల్లా మనిషి డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 1985లో ఇచ్చిన, నోరు తెరిపించి గొంతు ఎంత కనిపిస్తుందో చూసే పరీక్షని నలభై ఏళ్ళుగా వాడుతున్నాం. అదొక్కటే చాలదని అందరికీ తెలుసు. అల్ట్రాసౌండ్ కూడా అంతే. చెడ్డ కొలత హెచ్చరిక, కానీ మంచి కొలత హామీ కాదు.

ఎక్కువగా నమ్మదగ్గది థైరోహయాయిడ్ పొర (గొంతుముడికి కాస్త పైన) దగ్గర చర్మం నుంచి ఎపిగ్లాటిస్ (గాలిగొట్టం మీది మూత) దాకా ఉండే దూరం. రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. ఆ గీత ఒక్కో పరిశోధనలో ఒక్కో చోట ఉంది కాబట్టి 1.9 వచ్చిందని సంబరపడకండి. జెల్ దండిగా వేయండి, ప్రోబ్‌ని నొక్కకండి. నొక్కితే కొవ్వు అణిగి దూరం తగ్గుతుంది, కష్టమైన గొంతు తేలిగ్గా కనిపిస్తుంది. తల ఏ స్థితిలో ఉండగా కొలిచారో రాయండి. హయాయిడ్ (నాలుక కింది ఎముక) నుంచి గడ్డానికి దూరం తల మామూలుగా ఉన్నప్పుడు ఒకసారి, వెనక్కి వంచి ఒకసారి కొలవండి. రెండో కొలత మొదటిదానికి 1.1 రెట్ల దగ్గరే ఆగిపోతే మెడ సరిగా వంగదని అనుమానించండి.

మెడ మీద పెట్టిన ప్రోబ్‌కి నోరు తెరుచుకోదన్న సంగతి తెలియదు. గుట్కా నమిలి నమిలి దవడలు బిగిసినవాళ్ళకి కొలతలన్నీ చక్కగా రావచ్చు, నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టవు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళకి అంగిలి కూడా చూడండి.

స్కాన్ నిజంగా అక్కరకొచ్చేది, ట్యూబ్ అసలే పడకపోతే కోసి గాలిదారి చేసే చోటు, క్రికోథైరాయిడ్ పొరని గుర్తించడానికి. లావుగా ఉన్న ఆడవాళ్ళలో వేళ్ళతో తడిమితే తరచూ తప్పుతాం. మత్తివ్వకముందే, కోయాల్సి వస్తే తల ఎలా పెడతారో అలాగే పెట్టి, పెన్నుతో గుర్తు వేయండి. తల కదిలితే చర్మం మీది గుర్తూ కదులుతుంది.

ఇక థియేటర్లో.

మళ్ళీ చెబుతున్నాను, స్కాన్ బాగున్నా వీడియో లారింగోస్కోప్, బూజీ (ట్యూబ్‌కి దారి చూపే సన్నని కడ్డీ), సరైన సైజు ఎల్ఎంఏ (స్వరపేటిక మీద కూర్చునే మాస్క్) చేతికందేలా ఉండాలి.

స్కాల్పెల్, బూజీ, 6 నంబర్ ట్యూబ్ ఒకే ట్రేలో ఉండాలి. తాళం వేసిన అల్మరాలో కాదు.

పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్ లేని స్కాన్ మిషన్ ముట్టుకోవద్దు.

ప్రీఆక్సిజనేషన్ (మత్తుకి ముందు ఆక్సిజన్ పీల్పించడం) కుదించవద్దు. సర్జన్ తొందరపెట్టినా సరే.

రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 95 శాతం కంటే తగ్గితే లారింగోస్కోప్ బయటికి తీసి మాస్క్‌తో ఊపిరివ్వండి.

ఎన్నిసార్లు ప్రయత్నించారో పైకి లెక్కపెట్టే పని నర్సుకి అప్పగించండి. ఆమె చెబితే వినండి. 2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీకి సైనస్ ఆపరేషన్ ముందు ట్యూబ్ పడక డాక్టర్లు ప్రయత్నాల మీద ప్రయత్నాలు చేస్తుంటే, నర్సు ట్రకియాస్టమీ (గొంతు కోసి గాలిదారి చేసే) సెట్ తెప్పించింది. ఎవరూ పట్టించుకోలేదు. ఎలేన్ బతకలేదు.

ఊపిరి ఇవ్వలేక, ట్యూబ్ వేయలేకపోతే కోయండి. ఇంకొక్కసారి చూద్దాం అనవద్దు.

స్కాన్ బాగుంది కదా అని ఎవరైనా అంటే, ట్రే ఎక్కడుందో చూపించమనండి. చూపించేదాకా రిలాక్సెంట్ ఇవ్వవద్దు.

ట్యూబ్ కష్టమైతే ఎందుకు కష్టమైందో, చివరికి దేనితో పడిందో కాగితం మీద రాసి పేషెంట్ ఇంటివాళ్ళకి ఇవ్వండి. మళ్ళీ ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టరుకి ముందు అది చూపించమనండి.