పదో తరగతి పిల్లకి సంబంధం చూస్తున్నారని తెలిస్తే ఏం చేయాలి? పందిరి పడకముందే మొదలుపెట్టాల్సిన పని

మొదటిసారి మేం ఒక పెళ్లి ఆపినప్పుడు చాలా గొప్ప పని చేశామనుకున్నాం. ముహూర్తానికి మూడు గంటల ముందు పోలీసు జీపు వచ్చింది, ఐసీడీఎస్ సూపర్‌వైజర్ మేడం వచ్చారు, సాంబారు గుండిగ పొయ్యి మీద అట్లాగే ఉండిపోయింది, పిల్ల తండ్రి తల వంచుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. మేం ఇళ్లకు పోయి హాయిగా పడుకున్నాం. పదహారో రోజున ఆ పిల్లకి మేనత్త ఊళ్లో, తెల్లారకముందే, పట్టుమని పది మంది కూడా లేకుండా తాళి కట్టించేశారు.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పామూరు వైపు మెట్ట ఊరు. పొదుపు సంఘం పని మీద ఇంటింటికీ తిరిగేదాన్ని కాబట్టి ఈ పని కూడా నెత్తికెత్తుకున్నాను. ఆ దెబ్బ తర్వాత అర్థమైంది ఒక్కటే. పెళ్లి అనేది ఒక్క రోజులో జరిగేది కాదు. ముందు సంబంధం మాట, తర్వాత తాంబూలాలు, లగ్నపత్రిక, శుభలేఖలు, పసుపు దంచడం, ఆఖర్న పందిరి. ఒక్కో మెట్టు ఎక్కే కొద్దీ డబ్బు పోతుంది, పరువు ఇరుక్కుంటుంది. పందిట్లో ఆపితే ఆ తండ్రికి పోయేది లక్షల అప్పు, బంధువుల ముందు తలకాయ. సంబంధం మాట దగ్గర ఆపితే పోయేది టీ, బిస్కెట్ ఖర్చు. కాబట్టి ఎంత కింది మెట్టు మీద పట్టుకుంటే అంత మంచిది. కింద రాసిందంతా ఆ కింది మెట్టు దగ్గరికి ఎలా చేరాలో చెప్పడానికే.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

ఊళ్లో 13 నుంచి 18 ఏళ్ల లోపు ఆడపిల్లలందరి పేర్లు రాసుకోండి. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, బడి హెడ్మాస్టరు, ఈ ముగ్గురి దగ్గర కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. పుట్టిన తేదీ బడి రిజిస్టర్ నుంచే రాసుకోండి, ఆధార్ చూసి కాదు. పెళ్లి కుదిరాక మీసేవకు పోయి తేదీ మార్పించుకొచ్చిన ఆధార్ కార్డు మీ ముందు పెట్టి "చూడండి, 18 నిండింది" అంటారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదు. వయసు మీద వివాదం వస్తే బాలల న్యాయ చట్టం ప్రకారం ముందు చూసేది బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష.

మొదటిసారి ఈ లెక్క రాసుకున్నప్పుడు, సరదాకి మా వీధిలో కొత్త కోడళ్ల వయసు కూడా అడిగి చూశాం. దాదాపు ప్రతి పది మందిలో ముగ్గురు 18 నిండకుండా వచ్చినవాళ్లే. తర్వాత తెలిసింది, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లెక్క కూడా 29.3 శాతమేనని. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. చదువులో మనం ముందున్నామని చెప్పుకుంటాం కదా, ఇందులో వెనకే.

గుర్తులు ఎక్కడ కనపడతాయి

పిల్ల వరసగా నాలుగు రోజులు బడికి రాకపోవడం మొదటి గుర్తు. పది పరీక్షలు మార్చిలో అయిపోతాయి, అక్కడి నుంచి జూన్ దాకా పిల్ల ఎవరి కంటికీ కనపడదు, వైశాఖం ముహూర్తాలు ఆ మధ్యలోనే వస్తాయి. అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది పది తప్పిన పిల్ల. ఏప్రిల్ ఆఖర్లో ఫలితాలొచ్చిన రోజు మేం పాసైన వాళ్లకి మిఠాయి పెట్టడానికి కాదు, తప్పిన వాళ్ల ఇళ్లకే ముందు పోతాం. సప్లిమెంటరీ పరీక్షకి ఫీజు కట్టించి, లెక్కలో, ఇంగ్లీషో చెప్పే మనిషిని చూపిస్తే చాలా ఇళ్లలో సంబంధం మాట అక్కడికక్కడే ఆగిపోతుంది. మళ్లీ తప్పినా ఓపెన్ స్కూల్ ఉంది.

రెండో కాలం వలసలప్పుడు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు గుంటూరు వైపు, మిగతా కాలం హైదరాబాద్, బెంగళూరులో బిల్డింగ్ పనులకి పోయే ఇళ్లలో ఒకటే మాట: "వయసొచ్చిన పిల్లని ముసల్దాని దగ్గర ఇడిసిపెట్టి ఎట్టా పోతాం అక్కా?" అది సాకు కాదు, నిజంగా భయమే.

మూడో గుర్తు ఎవరూ పట్టించుకోనిది: సంఘంలో అప్పు. పదహారేళ్ల కూతురున్న సభ్యురాలు ఉన్నట్టుండి పెద్ద అప్పు అడిగితే, ఎందుకని అడగండి. మా సంఘంలో ఒక తీర్మానం రాసుకున్నాం, 18 నిండని పిల్ల పెళ్లికి అప్పు ఇవ్వకూడదని. మామూలు అప్పులు మాత్రం ఆపం. కొన్ని ఊళ్లలో కోపం కొద్దీ ఆ ఇంటికి అన్నీ బంద్ చేస్తారు, దానివల్ల ఆ తల్లి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతుంది, మనకు ఆ ఇంటి తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఇంటికి ఎవరు పోవాలి

ముగ్గురు చాలు. గుంపుగా పోతే పంచాయితీ పెట్టడానికొచ్చారనుకుంటారు. ఆ ముగ్గురిలో ఒకరు వాళ్ల చుట్టపు వరస అయితే మంచిది. ఇంకొకరు చిన్నప్పుడే పెళ్లయి కష్టపడిన ఆడమనిషి. మా జట్టులో ఒక అక్క ఉంది, పద్నాలుగేళ్లకే పెళ్లయింది, ఆమె మాట్లాడితే ఎదుటి తల్లి కళ్లు దించుకుంటుంది, మేం వంద మాటలు చెప్పినా రాని పని అది. మూడో మనిషి మగవాడై ఉండాలి, ఎందుకంటే ఆఖరి మాట తండ్రిదో మేనమామదో. మా దగ్గర రిటైరైన పోస్ట్‌మ్యాన్ వస్తాడు, ఆయన్ని కాదనే ఇల్లు లేదు.

ఇట్లాంటి పనులు ఆడవాళ్ల వల్ల ఏమవుతాయి అని ఎవరైనా నవ్వితే మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెప్పండి. 90ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు, రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది.

పోయి ఏం మాట్లాడాలి

మొదటి రోజు చట్టం ఎత్తొద్దు. "ఏందక్కా, మా బిడ్డ పెళ్లి మేం చేసుకుంటే మీకేంది?" అనే మాట ఎలాగూ వస్తుంది, దానికి కోపం తెచ్చుకోవద్దు. మంచినీళ్లు అడిగి తాగండి, కూర్చోండి, ఎందుకు తొందరపడుతున్నారో వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. కారణం తెలియకుండా ఉపన్యాసం ఇస్తే గోడకి చెప్పినట్టే.

వలస భయం అయితే హాస్టల్ చూపించాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఆరు నుంచి చేరొచ్చు, ఇంటర్ కూడా ఉంది, తిండి, వసతి ఉచితం. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ హాస్టళ్లు వేరే ఉన్నాయి. నోటిమాటగా చెప్పి రాకండి, దరఖాస్తు మీరే తీసుకుపోయి నింపించండి, చేర్చే రోజు వెంట పోండి. కాలేజీ దూరం, బస్సు ఖర్చు అంటే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. డబ్బు మాటొస్తే, చదివే పిల్లల తల్లికి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఇంటర్ దాకా వస్తుంది, చదువు మానితే అది పోతుంది.

"ఎక్కువ చదివితే ఎక్కువ చదివిన వాణ్ణి తేవాలి, కట్నం ఎక్కడిది?" అంటారు. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు, నిజం చెప్తున్నా. ఊళ్లో చదువుకుని కావలిలోనో ఒంగోలులోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల ఎవరైనా ఉంటే, పండక్కి వచ్చినప్పుడు ఆ ఇంటికి తీసుకుపోతాం. మా మాటల కన్నా ఆ పిల్ల నెలనెలా అమ్మకి పంపే డబ్బులే ఎక్కువ పని చేస్తాయి.

ప్రేమ భయం అయితే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి. పిల్ల ఫోన్లో ఎవరితోనో మాట్లాడిందని, ఎవడితోనో లేచిపోతుందని, పరువు పోకముందే కట్టబెట్టేద్దామని చూస్తారు. అక్కడ ఆ పిల్లకి దెబ్బలు కూడా పడుతుంటాయి. పెద్దవాళ్లతో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు పిల్లతో విడిగా పెరట్లోనో మిద్దె మీదనో మాట్లాడండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటికి వచ్చేట్టు చెప్పండి, కాగితం మీద రాసివ్వొద్దు.

పెద్దాయన కళ్లు మూసేలోపు మనవరాలి పెళ్లి చూడాలంటున్నాడనే ఇల్లు కూడా ఒకటి ఉంటుంది. తాంబూలాలు మార్చుకుని ఆయనకు చూపించండి, పెళ్లి 18 నిండాకే అని కాగితం రాసుకోండి, అని రాజీకి పోయేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తాంబూలాలు మార్చుకున్నాక ఆరు నెలలు ఆగిన ఇల్లు నేను చూడలేదు.

పెళ్లికి పని చేసేవాళ్లని కలవండి

షామియానా, వంట మాస్టర్, మేళం, ఫొటో, శుభలేఖలు అచ్చేసే ప్రెస్, పంతులు గారు, పాస్టర్ గారు, ఖాజీ గారు. వీళ్లలో ఎవరికో ఒకరికి మనకన్నా ముందే తేదీ తెలుస్తుంది. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో పదో సెక్షన్ ప్రకారం పెళ్లి జరిపించినవాళ్లకి, దానికి సాయపడినవాళ్లకి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది, అదీ బెయిల్ సులువుగా దొరకని కేసు. ఈ సంగతి వాళ్లకి మర్యాదగా చెప్పి, అడ్వాన్సు తీసుకునే ముందు పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్స్ అడగమనండి. మా మండలంలో ఒక షామియానా ఆయన ఇప్పుడు తనే ఫోన్ చేస్తాడు. బేరం పోతుంది కదన్నా అంటే, "కేసు పడితే కుర్చీలు కూడా స్టేషన్లోనే ఉంటాయి తల్లీ" అంటాడు.

ఎంత చెప్పినా వినకపోతే

1098కి ఫోన్ చేయండి, అది 24 గంటలూ పని చేస్తుంది. తెల్లారితే పెళ్లి అన్నంత దగ్గరికొస్తే పోలీసుల అత్యవసర నంబరు 112. ఊరు, ఇంటి గుర్తు, పిల్ల వయసు, చదివిన బడి, ముహూర్తం, అబ్బాయిది ఏ ఊరు, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టుకుని చెప్పండి. అబ్బాయి ఊరు మర్చిపోవద్దు, మేం మొదటిసారి చేసిన తప్పు అదే. ఇక్కడ ఆపితే అక్కడ కట్టేశారు. ఫోన్ చేసిందెవరో బయటికి చెప్పొద్దని అడగండి, మీ జట్టులో కూడా ఎవరు చేశారో ఒకరికి తప్ప తెలియక్కర్లేదు.

చాలామందికి తెలియనిది కోర్టు దారి. ఏ మామూలు మనిషైనా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేసి పెళ్లి ఆపమని ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, అత్యవసరమైతే అవతలి వాళ్లకి నోటీసు ఇవ్వకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకి ఉంది. దీని బలం ఎక్కడంటే, మామూలుగా జరిగిపోయిన బాల్య వివాహం దానంతటదే రద్దు కాదు, పిల్ల కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి. కోర్టు ఉత్తర్వు ఉండగా దాన్ని ధిక్కరించి కడితే ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. లాయరు ఖర్చు గురించి టెన్షన్ వద్దు, న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100, ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం.

ఇంకో మాట. తల్లిని "జైల్లో పెట్టిస్తాం" అని బెదిరించకండి. తల్లిదండ్రుల శిక్ష గురించి చెప్పే 11వ సెక్షన్‌లోనే ఆడవాళ్లకి జైలు శిక్ష ఉండదని రాసి ఉంది. అబద్ధం చెప్పి దొరికితే తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

ఆగింది, ఇప్పుడేంటి

అందరూ వెళ్లిపోయాక ఆ పిల్ల అదే ఇంట్లో ఉంటుంది, అందరి కోపం దాని మీదే. మొదటి వారం రోజూ ఎవరో ఒకరు ఏదో వంకతో పోండి, పెరుగు అడగడానికైనా సరే. ఇంట్లో కొడుతున్నారంటే బాలల సంక్షేమ సమితికి చెప్పాలి, పిల్లని కొన్నాళ్లు సురక్షితమైన చోట ఉంచే అధికారం వాళ్లది. పెళ్లికి అడ్వాన్సులిచ్చిన చోట డబ్బులు వెనక్కి ఇప్పించే పని మీరు నెత్తిన వేసుకోండి. మండపం వాళ్లతో, వంటాయనతో మాట్లాడి సగమన్నా రాబడితే ఆ తండ్రి మీతో మళ్లీ మాట్లాడతాడు. పిల్ల ఫొటో, పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, అది చట్టప్రకారం నేరం కూడా. "మా ఊళ్లో బాల్య వివాహం ఆపాం" అని ఆ పిల్లని మధ్యలో నిలబెట్టి ఫొటో దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటికే పెళ్లి అయిపోయి ఉంటే పిల్లని వదిలేయకండి. 18 నిండాక రెండేళ్ల లోపు, అంటే ఇరవై నిండేలోపు, ఆ పెళ్లి వద్దనుకుంటే జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు. 18 నిండకముందైతే సంరక్షకుల ద్వారా, బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి వేయాలి. కడుపుతో ఉంటే కేసు భయంతో ఆసుపత్రికి పంపకుండా దాచిపెడతారు, అక్కడ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం వెంటపడి చూసుకోవాలి, ఆ వయసు కాన్పు తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

మేనత్త ఊరికి పోయిన ఆ పిల్ల సంగతి అడుగుతారేమో. రెండేళ్ల తర్వాత చంటిదాన్ని చంకనేసుకుని మా సంఘం మీటింగ్ జరిగే చెట్టు కిందికి వచ్చింది, ఓపెన్ స్కూల్ ఇంటర్‌కి ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కోవడానికి. నోటుబుక్కులో కొట్టేసిన ఆ పేరు పక్కనే తేదీ రాసుకున్నాం.